రెండోసారి పెట్టని ఒట్టు

సెప్టెంబరు 14, 2003. ఆదివారం

రాయి జోసీ. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నీ అందమైన మాటలు నీ దగ్గరే ఉంచుకో. నాకు చదువు రాదు కాబట్టి నువ్వేం కలిపినా తెలియదనుకోకు. పూర్తయ్యాక చదివి వినిపిస్తావు, అప్పుడు పట్టుకుంటాను.

నా పేరు నోనీ మొంగన్. డెబ్బై రెండేళ్ళు. బళ్ళలో కాపురముంటూ ఊరూరా తిరిగే సంచారుల బిడ్డను, సంచారి పెళ్ళాన్ని. గాల్వే రోడ్డు పక్కన మావాళ్ళు బళ్ళు ఆపుకునే ఈ సైటులో మూడో క్యారవాన్ నాది. ఇరవై రెండేళ్ళ వయసులో, మా నాన్నను మురుగు కాలువలోంచి పైకి తీసిన మర్నాడు, ఫాదర్ ముందు మోకరించి బతికినన్నాళ్ళూ మందు ముట్టనని ఒట్టు పెట్టాను. మా వాళ్ళు ఒట్లు పెడుతూనే ఉంటారు. ఆరు నెలలకొకటి, ఏడాదికొకటి. ఫాదర్ ఒక కార్డు ఇస్తారు, గడువు తీరాక మళ్ళీ తాగుతారు. నాది గడువు లేని ఒట్టు. యాభై ఏళ్ళు నిండాయి.

ఇక నిన్నటి సంగతి. మా తమ్ముడి మనవడి పెళ్ళి. పొద్దున చర్చిలో బాగున్నాను. మధ్యాహ్నం హోటల్లో విందు. వచ్చిన ప్రతివాళ్ళూ నా దగ్గరికొచ్చి కూర్చున్నారు, నేను ప్రతివాళ్ళతోనూ మాట్లాడాను. తాగింది కమలారసం. మూడు గ్లాసులు. సాయంత్రం ఆరింటికి, పెద్దదాన్ని కాబట్టి, పెళ్ళికూతురికి నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచాను. మొదటి మాట గంటలా పలికింది. నాలుగో మాటకి నాలుక నోట్లో తడిగుడ్డలా పడిపోయింది. ఎడమ కంటి రెప్ప వాలిపోయింది. నవ్వి సర్దేద్దామనుకుంటే పెదవులు పైకి లేవలేదు. పళ్ళు కొరికినట్టు కనిపించిందట. కూర్చోబోతే కుర్చీలు రెండు కనిపించాయి. అక్కడ లేని కుర్చీలో కూర్చోబోయి కింద పడ్డాను.

 తర్వాత వెనక బల్ల దగ్గర ఎవరో ఆడమనిషి అంది: "నోనీ ఈ రోజు కమలారసంలో ఏం కలుపుకుందో పాపం."

నా కొడుకు మైలీ నన్ను పాత ఇనుము ఎత్తినట్టు ఎత్తి వ్యానులో వేశాడు. వెయ్యడానికి ముందు మొహం దగ్గరికి తెచ్చి నా నోటి వాసన చూశాడు.

అది రాశావా? మళ్ళీ చదువు. సరే.

ఈ ఉదయం గొంతు శుభ్రంగా ఉంది. నువ్వే వింటున్నావు కదా. చెప్పదలచుకుంది ఇంతే. నేను తాగలేదు. వేడిలో నిలబడి అలసిపోయాను, అంతకు మించి ఏమీ లేదు. ఈ పుస్తకం ఎవరికీ చూపించొద్దు. నేను పోయాక ఎవరైనా వేరేలా చెబితే అప్పుడు తియ్యి.

సెప్టెంబరు 15

బాగున్నాను. సోడా రొట్టె చేశాను. పళ్ళెం జారింది. చెయ్యి తడిగా ఉంది.

సెప్టెంబరు 19, శుక్రవారం

మైలీ వచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు, దాన్ని బట్టే ఏదో మోసుకొచ్చాడని తెలిసింది. టీ ఇచ్చాను. కప్పు పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"అమ్మా, ఫాదర్ కోయిన్‌తో మాట్లాడా."

"ఎవరి గురించి? నీ గురించైతే ఆయనకి తెలియంది లేదు."

"నీ గురించే. ఆదివారం పూజ అయ్యాక, జనం వెళ్ళిపోయాక, వెనకగదిలో నువ్వు ఒట్టు పెట్టొచ్చన్నారు. ఆర్నెల్లకే. ఎవరికీ తెలీదు."

"నేను ఒట్టు పెట్టి యాభై ఏళ్ళయింది."

"మళ్ళీ పెట్టడమే. నేను పెట్టట్లేదా? ప్రతి ఏడూ పెడతా."

"నువ్వు పెడతావు, జూలై గుర్రప్పందాలకి తీసేస్తావు. నీ కార్డులన్నీ కలిపితే పేకముక్కల కట్ట అవుతుంది. తాడు తెగినవాడు ముడి వేసుకుంటాడు రా. తెగనిదానికి ముడి ఎందుకు?"

వాడు కిటికీలోంచి చూస్తూ చెప్పాడు. నా వైపు చూడలేకపోయాడు. తెరేసా బిడ్డకి నవంబరు తొమ్మిదిన జ్ఞానస్నానం. తెరేసా వాడి పెద్దకూతురు, నా మనవరాలు. బిడ్డ పుట్టిన రోజే నా పేరు పెడతానంది, బిడ్డను ఎత్తుకుని నన్నే జ్ఞానతల్లిగా నిలబడమంది. మా వాళ్ళలో పేరు ఊరికే ఇవ్వరు. ఎవరి పేరు పెడితే వాళ్ళ మర్యాద ఆ బిడ్డకి వస్తుంది.

"హోటల్లో నూటయాభై మంది చూశారమ్మా. ఒట్టు పెట్టేదాకా ఆ పేరు ఆ పిల్లకి పెట్టనివ్వను. అందరూ దాన్ని చూసి నవ్వుతారు. నీ పక్కన నిలబడి నేనూ..." అక్కడ ఆగిపోయాడు.

"నువ్వూ ఏంటి?"

"ఏం లేదులే."

"నేను తాగానని నమ్ముతున్నావా మైలీ?"

"నాన్న కూడా ఎప్పుడూ తాగలేదనే చెప్పేవాడు."

టీ తాగకుండా వెళ్ళిపోయాడు. నేను వెళ్ళి తలుపు వేశాను. గడియ పెట్టడానికి రెండు చేతులు కావలసి వచ్చాయి. గడియ బిగుసుకుపోయింది, నూనె వెయ్యాలి.

సెప్టెంబరు 24

కొత్త పళ్ళ సెట్టు సరిగ్గా కుదరలేదు. మాట ముద్దగా రావడానికి కారణం అదే. దంతవైద్యుడు ఎవరి నోటి కొలత తీసుకుని ఎవరికి చేశాడో.

జడ వేసుకోవడానికి చేతులు పైకెత్తితే సగంలోనే దిగిపోతున్నాయి. అది వయసు. వయసు వచ్చినవాళ్ళందరికీ అంతే. మా అమ్మకి ఎనభై ఆరేళ్ళు వచ్చినా జడ తనే వేసుకునేది, కానీ మా అమ్మ జుట్టు పల్చన.

మొన్న దుకాణంలో మావాళ్ళ మార్గరెట్ వార్డ్ నన్ను చూసి పక్కకి తిరిగి నిలబడింది. నేను వెళ్ళి దాని ఎదురుగా నిలబడ్డాను. "ఏం మార్గరెట్, బ్రెడ్డు ధర చదువుతున్నావా? నీకు చదువు ఎప్పుడొచ్చింది?" అన్నాను. అది ఎర్రబడిపోయింది. నేను తలవంచుకుని నడిచే మనిషిని కాదు. వాళ్ళు మొహం ఎంత తిప్పుకుంటే నేను అంత ఎదురుగా వెళ్ళి నిలబడతాను. యాభై ఏళ్ళుగా నేను ఎక్కడ

(ఇక్కడ నుంచి మాట అందలేదు. అడిగితే పెద్దమ్మ కోప్పడింది. జోసీ.)

సెప్టెంబరు 30, మంగళవారం

ఫాదర్ కోయిన్ స్వయంగా వచ్చారు. మెట్టు ఎక్కడానికి ఆయనకీ ఊపిరాడలేదు, ఇద్దరం ముసలివాళ్ళమే. మంచి కప్పులు తీశాను.

"నోనీ, దీన్ని పెద్దది చేయకమ్మా. ఒక చిన్న ప్రార్థన, ఒక కార్డు. నీ కొడుకు మనసు కుదుటపడుతుంది."

"ఫాదర్, మీరు చెప్పండి. నేను తాగానని మీరు అనుకుంటున్నారా?"

ఆయన టీలో చక్కెర వేసుకున్నారు. ఆయనకి చక్కెర జబ్బు, వేసుకోకూడదు. "నేను ఎవరి మీదా తీర్పు చెప్పను," అన్నారు.

"చెప్పేశారు."

"వయసులో మనిషికి ఒంటరితనం ఉంటుంది. ఒక చుక్క వేసుకున్నంత మాత్రాన దేవుడు..."

"ఫాదర్, ఈ కప్పు చూడండి. పగిలిందా? పగల్లేదు. మీరు జిగురు సీసా పట్టుకొచ్చి అతికిస్తానంటున్నారు. ఈ రోజు నేను ఒట్టు పెడితే, పాత ఒట్టు విరిగిందని నా నోటితో నేను ఒప్పుకున్నట్టే. నేను ఒప్పుకోను. నా పేరు ఆ బిడ్డకి పెట్టకపోయినా ఒప్పుకోను."

ఆయన చాలాసేపు కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు, "నీ అంత మొండిదాన్ని చూడలేదు నోనీ," అన్నారు.

"చూడకపోతే ఇంకాసేపు కూర్చుని చూడండి," అన్నాను.

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వితే మొహం ఎలా మారుతుందో నాకు తెలుసు. అద్దంలో చూసుకున్నాను. ఇది రాయకు.

అక్టోబరు 3

ఈ రోజు ఏమీ జరగలేదు.

(రెండు మంచి కప్పులు పగిలాయి. రాయొద్దంది. తనకి చదివేటప్పుడు ఈ వాక్యం చదవను. జో.)

అక్టోబరు 8, బుధవారం

జోసీ మంచం పక్కన కూర్చుని రాస్తోంది. నిన్నటి సంగతి ఇప్పుడు, ఉదయమే చెప్పేస్తున్నాను, గొంతు ఉన్నప్పుడే.

నిన్న సాయంత్రం టీ గొంతులోకి దిగలేదు. ముక్కులోంచి వచ్చింది. ఊపిరి ఆడలేదు. జోసీ వీపు మీద కొట్టి, అంబులెన్సు పిలిచింది. ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు నా మొహం మీద లైటు వేశాడు. నా రెప్పలు రెండూ వాలి ఉన్నాయి. ఏదో అడిగాడు. నేను చెప్పింది నాకే అర్థం కాలేదు.

"ఎంత తీసుకున్నారు?" అని అడిగాడు.

జోసీ చెప్పింది, ఈవిడ తాగదు, ఎప్పుడూ తాగలేదు అని. అతను జోసీ లంగా చూశాడు, చెవిపోగులు చూశాడు, మమ్మల్ని ఎక్కడి నుంచి తెచ్చారో కాగితంలో చదివాడు, సంచారులమని తెలిసింది. "పొద్దుటికి తగ్గుతుంది, పడుకోనివ్వండి," అన్నాడు. నడవాలో చక్రాల మంచం మీద పడుకోబెట్టారు.

ఎక్కడ చచ్చానంటే, పొద్దుటికి నిజంగానే తగ్గింది. మాట వచ్చింది, కళ్ళు తెరుచుకున్నాయి, టీ దిగింది. నర్సు నా భుజం తట్టి, "చూశారా, దిగిపోయింది," అంది. నాకు వచ్చినదానికి అంత దుర్మార్గం ఉంది. రాత్రి నన్ను పడగొట్టి, తెల్లారేసరికి చీపురుతో ఊడ్చుకుపోయినట్టు ఆనవాలు లేకుండా పోతుంది. సాక్ష్యం మిగల్చదు.

గొంతులో టీ ఎందుకు దిగలేదో చూడాలని, వచ్చే వారం ఇంకో డాక్టరు దగ్గరికి చీటీ రాసిచ్చారు. నేను వెళ్ళను.

అక్టోబరు 10

వెళ్ళను అన్నాను కదా. జోసీ ఏడుస్తోంది. పెద్దమ్మా, పెద్దమ్మా అంటూ. నా చెల్లెలి కూతురు కాబట్టి ఊరుకుంటున్నాను. ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో బడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్న మనిషి ఇలా ఏడవకూడదు.

అక్టోబరు 16, గురువారం

ఈ రోజుది చాలా ఉంది. మధ్యలో ఆగి ఆగి చెబుతాను. ఆగి చెప్పాలని ఈ రోజే నేర్చుకున్నాను.

జోసీ ఏడుపు పడలేక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అది ఈ పుస్తకాన్ని సంచీలో దాచి తెచ్చింది. నాకు తెలియదు. తెలిస్తే బస్సులోంచి దిగిపోయేదాన్ని.

డాక్టరు ఆడమనిషి. డాక్టర్ ఎల్‌హసన్. నల్లగా, పొడుగ్గా, తలకి బూడిదరంగు గుడ్డ చుట్టుకుని ఉంది. నరాల డాక్టరట. సూడాన్ నుంచి వచ్చి ఇక్కడ పదకొండేళ్ళట. నేను కూర్చోగానే చెప్పాను: "డాక్టరమ్మా, ముందే చెప్తున్నా. నేను తాగను. నా నోటి వాసన చూడాలంటే చూడు, కానీ దొంగచాటుగా చూడకు."

"నేనూ ఎప్పుడూ తాగలేదమ్మా. ఆ వాసన పసిగట్టడం నాకు రాదు. మీరు వేరేవి చూపించండి," అంది.

ఆ మాటకి నేను కొంచెం వెనక్కి ఆనుకుని కూర్చున్నాను.

అప్పుడు జోసీ పుస్తకం తీసింది. నాకు ఒళ్ళు మండింది. "అది నాది," అన్నాను. "చదవక్కర్లేదు డాక్టరమ్మా, చూస్తే చాలు," అంది జోసీ. "పెద్దమ్మ చెప్పేది మొదట్లో బాగుంటుంది. పోనుపోను మాట ముద్దయిపోతుంది. ఎక్కడ నాకు అందలేదో అక్కడ రాశా. అన్నీ పేజీ చివర్లోనే. ఏ రోజైనా మొదట్లో ఒక్కటీ లేదు. గంట పడుకుని లేస్తే మళ్ళీ బాగుంటుంది."

డాక్టరు పేజీలు తిప్పింది. సెప్టెంబరు ఇరవై నాలుగు దగ్గర ఆగింది. నన్ను అడక్కుండా చదివింది, నవ్వింది. మార్గరెట్ వార్డ్ సంగతి అక్కడ ఉంది.

"అమ్మా, పైకప్పు వైపు చూడండి. నేను చెప్పేదాకా కళ్ళు దించొద్దు."

చూశాను. ఆ పైకప్పులో ఒక మూల చెమ్మ ఉంది. కాసేపటికి ఎవరో నా రెప్పలకి గుర్రపు నాడాలు కట్టినట్టయింది. వాలిపోయాయి. తర్వాత ఒకటి నుంచి పైకి అంకెలు లెక్కపెట్టమంది. ఇరవై దాకా బాగుంది. ముప్పైకి ముద్ద. నలభై నాకే వినబడలేదు.

ఇక చాలని చెప్పి, నర్సును పంపి గ్లవ్వులో మంచుముక్కలు తెప్పించింది. మూసిన ఎడమ కంటి మీద పెట్టింది. రెండు నిమిషాలు. చలికి ఒళ్ళు జలదరించింది. తీసి, "తెరవండి," అంది.

కన్ను పూర్తిగా తెరుచుకుంది. కిటికీ బయట కారు నెంబరు కూడా కనిపించింది. చదవలేను, అది వేరే సంగతి.

జోసీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తాగినవాళ్ళ కన్ను మంచు పెడితే తెరుచుకోదమ్మా," అంది డాక్టరు. "రక్తం పరీక్ష వస్తే పూర్తిగా తేలుతుంది, కానీ నాకు అనుమానం లేదు."

ఏంటి ఇది అని అడిగాను. అర్థమయ్యేలా చెప్పు, నాకు చదువు రాదు గానీ బుర్ర ఉంది అన్నాను. చెప్పింది. నేను దాన్ని నా మాటల్లో తిరిగి చెబుతాను, చెప్పగలిగితే అర్థమైనట్టే.

మెదడు కండకి కబురు పంపుతుంది. లే, మింగు, నవ్వు అని. కబురు నరం చివర దాకా వచ్చి, అక్కడి నుంచి కండ గుమ్మం తడుతుంది. నా కబుర్లు అన్నీ బయల్దేరుతున్నాయి. మెదడు బాగుంది, నరం బాగుంది, కండ కూడా బాగుంది. గుమ్మాలే పాడవుతున్నాయి. పాడుచేసేది ఎవరు అంటే, నా ఒంట్లో నా కాపలావాళ్ళే. జ్వరం వస్తే, దెబ్బ చీము పడితే, పోట్లాడ్డానికి ఉన్నవాళ్ళు. వాళ్ళు పొరబడి నా గుమ్మాలనే దొంగ సొత్తు అనుకుని బద్దలుకొడుతున్నారు. మిగిలిన గుమ్మాలతో మొదట పని నడుస్తుంది. కబురు మీద కబురు పంపేకొద్దీ బలం తగ్గిపోతుంది. పడుకుంటే మళ్ళీ కూడుకుంటుంది. మంచు పెడితే కబురు కాసేపు గుమ్మం దగ్గర నిలుస్తుంది.

"మా సైటుకి ఎన్నిసార్లు పోలీసులు వచ్చి తప్పు తలుపు పగలగొట్టారో లెక్కలేదు," అన్నాను. "నాకు ఇది బాగా అర్థమైంది."

"సరిగ్గా అదే."

"వాళ్ళకి ఎవరు చెప్పారు నేను దొంగనని?"

"రొమ్ము ఎముక వెనక ఒక చిన్న గ్రంథి ఉంటుందమ్మా. చిన్నప్పుడు కాపలావాళ్ళకి అదే బడి. ఎవరు మనవాళ్ళు, ఎవరు కాదు అని అక్కడే నేర్చుకుంటారు. కొందరు ఆ పాఠం సరిగ్గా నేర్చుకోకుండానే బయటికొస్తారు. మీకు ఆ గ్రంథిని ఫొటో తీస్తాం. నరాలకీ ఈ కాపలావాళ్ళకీ ఎప్పుడూ మాటలు నడుస్తూనే ఉంటాయి. మీరు దిగులు పడితే, నిద్ర చెడితే, వాళ్ళకి తెలుస్తుంది. వాళ్ళు రెచ్చిపోతే మీ నరాలకి తెలుస్తుంది. ఈ నెల మీకు కష్టంగా గడిచిందా?"

జోసీ నా వైపు చూసింది. 

"నేనూ బడికి వెళ్ళలేదు డాక్టరమ్మా," అన్నాను. "ఒక్కరోజు కూడా. కానీ నావాళ్ళెవరో నాకు తెలుసు."

ఆమె రాసుకునేది ఆపింది. "తెలుస్తూనే ఉంది," అంది.

నేను బయటికి రాగానే గోడ పట్టుకుని నిలబడ్డాను. జోసీ కళ్ళు తిరిగాయా అంది. కాదు. నాకు జబ్బు ఉందని చెబితే ఇంత గర్వంగా ఎవరైనా నిలబడతారా అని చూసుకుంటున్నాను.

అక్టోబరు 18

మాత్రలు. నాలుగు గంటలకొకటి. వేసుకున్న అరగంటకి లోపల ఎవరో దీపాలు వెలిగించినట్టు. కడుపులో మెలిపెడుతుంది, పెట్టనీ.

జడ నేనే వేసుకున్నాను. రెండుసార్లు వేసుకున్నాను, మొదటిది బాగానే ఉన్నా.

అక్టోబరు 31, శుక్రవారం

రక్తం పరీక్ష వచ్చింది. డాక్టరు ఉత్తరం పంపింది, జోసీ చదివింది. జబ్బు పేరు నా నోటికి తిరగదు, జోసీకీ తిరగలేదు. కింద ఒక ముక్క డాక్టరు చేత్తో రాసిందట: రోగి మాట, చూపు, నడక తడబడటానికి మద్యంతో ఏ సంబంధమూ లేదు.

జోసీ ఆ ఉత్తరం పట్టుకుని మైలీ దగ్గరికి పరుగెడతానంది. వద్దన్నాను. అయినా నోరు జారింది, దాని నోరు ఎప్పుడూ జారుతుంది. సాయంత్రానికి మైలీ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా కాదు, పనిబట్టలతోనే. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అమ్మా, కాగితం వచ్చిందట కదా. ఇటివ్వు."

"ఎందుకు?"

"ఫాదర్‌కి చూపిస్తా. తొమ్మిదో తారీకున జ్ఞానస్నానానికి ముందు అందరి ముందూ చదవమంటా. ఇక ఎవడూ ఒక్క మాట అనడు. పిల్లకి నీ పేరే పెడదాం. నువ్వే ఎత్తుకుందువుగాని. అయిపోయిందమ్మా, ఇంకేం గొడవ లేదు."

వాడి మొహం వెలిగిపోతోంది. ఆరేళ్ళప్పుడు గుర్రపుపిల్లను మొదటిసారి నడిపించుకొచ్చినప్పుడు అలాగే ఉంది. నా గుండె కరిగింది. కరిగినా అడిగాను.

"కాగితం రాకపోయుంటే?"

"ఏంటి?"

"ఈ రక్తం పరీక్షలో ఏమీ తేలకపోయుంటే? అప్పుడు నేను తాగినదాన్నేనా?"

వాడు చొక్కా చేతికంటిన మట్టి దులుపుకున్నాడు.

"నేను యాభై ఏళ్ళు చెప్పాను మైలీ. నీకు పాలిచ్చిన నోటితో... నోటితో కాదు, నీకు తెలుసు నేనేమంటున్నానో. నిన్ను పెంచిన నోటితో చెప్పాను. అది నీకు చాలలేదు. ఎవరో ముక్కూమొహం తెలియని డాక్టరు నాలుగు గీతలు గీస్తే చాలింది. నువ్వూ చదవలేవు, నేనూ చదవలేను. మనిద్దరికీ అర్థంకాని గీతలు నాకంటే పెద్దవయ్యాయి నీకు."

"అమ్మా, అలా కాదు..."

"ఆ కాగితం చర్చిలో చదవరు. చదివితే నేను రాను. నా మాట మీద నా పేరు నిలబడితే నిలబడుతుంది. లేకపోతే ఆ పిల్లకి మీకిష్టమైన టీవీ పేరు ఏదైనా పెట్టుకోండి."

"నీకు పిచ్చి పట్టింది," అన్నాడు.

"పిచ్చి కాదు. పరీక్ష చేయించుకున్నా, కాగితం కూడా ఉంది."

తలుపు గట్టిగా వేసి వెళ్ళాడు. జోసీ నన్ను తప్పుపట్టింది. పట్టనీ. నేను చెప్పింది రాసిందా లేదా అంతే నాకు కావలసింది.

నవంబరు 1

మైలీ తండ్రి గుండెజబ్బుతో పోయాడు అని రాయి.

కొట్టెయ్యి. తాగి పోయాడు. ఇరవై ఆరేళ్ళు రోజూ తాగలేదనే చెప్పాడు. రోజూ సాయంత్రం చిన్న మైలీ గుమ్మంలో నిలబడి తండ్రి నోటి వాసన చూసి, లోపలికొచ్చి నాకు చెప్పేవాడు, ఈ రోజు ఉంది, ఈ రోజు లేదు అని. దాన్ని బట్టి నేను పిల్లలను ఎక్కడ పడుకోబెట్టాలో చూసుకునేదాన్ని. ఆ పని వాడికి అప్పగించింది నేనే. వాడికి ఎనిమిదేళ్ళు.

నిన్న ఇది గుర్తురాలేదు. గుర్తొచ్చి ఉంటే తలుపు దగ్గర కొంచెం మెల్లగా మాట్లాడేదాన్ని.

అయినా కాగితం ఇవ్వను.

నవంబరు 4, మంగళవారం

తెరేసా వచ్చింది, బిడ్డను దుప్పటిలో చుట్టుకుని. బిడ్డను నా ఒళ్ళో పడేసి, స్టవ్ మీద నీళ్ళు పెట్టుకుని, నా బిస్కట్లన్నీ తిన్నది.

"నానమ్మా, ఆదివారం నీలం కోటు వేసుకో. నల్లదొద్దు, చావు ఇంటికి వెళ్ళినట్టుంటావ్."

"నన్ను రమ్మన్నది ఎవరు?"

"నేను. నా పిల్ల కదా."

"మీ నాన్న చెప్పాడా కాగితం సంగతి?"

"ఏ కాగితం?" అంది. నోటి నిండా బిస్కట్టు.

నేను దాని మొహం పరీక్షగా చూశాను. అది అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయి, పుట్టినప్పటి నుంచీ అంతే. ఎర్రబడలేదు.

"పేరు మీ నాన్న ఆపేశాడు కదా."

"ఆపమని ఫాదర్ దగ్గరికెళ్ళాడు. పెళ్ళి అయిన వారానికే. ఫాదర్ తల్లిని అడగాలన్నారట. నన్ను అడిగారు. చర్చి పుస్తకంలో పేరు రాసేశాం కదా ఫాదర్, మళ్ళీ కొట్టేస్తే పుస్తకం పాడైపోదూ అన్నా. అంతే."

"నాకు చెప్పలేదేంటి?"

"నువ్వు అడగలేదుగా. నువ్వు అందరి మీదా అరుస్తూ ఉంటే మధ్యలో నాకెక్కడ సందు దొరుకుతుంది?" బిడ్డ గడ్డం తుడిచింది. "నువ్వు తాగలేదని చెప్పావు. నాకు అక్కడితో అయిపోయింది నానమ్మా."

టీ చల్లారిపోయేదాకా నేను మాట్లాడలేదు. మాత్ర వేళ దాటిందేమో అని తెరేసా భయపడింది. దాటలేదు.

నవంబరు 9, ఆదివారం

నీలం కోటు వేసుకున్నాను.

పన్నెండింటికి జ్ఞానస్నానం అన్నారు. పదకొండున్నరకి మాత్ర పడేలా లెక్క చూసుకున్నాను. మాకు ముందు ఇంకో బిడ్డది ఉంది, మాలా తిరగని ఇళ్ళవాళ్ళది. వాళ్ళ ఫొటోలు ఎంతకీ తెమల్లేదు. వాళ్ళు తెమిలేసరికి రెండున్నర. చలి. మావాళ్ళు ఎనభై మంది బెంచీల నిండా. హోటల్లో ఉన్నవాళ్ళలో సగం మంది ఉన్నారు. మార్గరెట్ వార్డ్ కూడా వచ్చింది, పెద్ద టోపీతో.

నాకు తెలుస్తూనే ఉంది. ఎడమ రెప్ప ముందు వాలింది. జోసీ సంచీలో మాత్రలున్నాయి. ఇప్పుడు వేసినా పని మొదలవ్వడానికి అరగంట. మైలీ నా పక్క బెంచీలోంచి వంగి, "అమ్మా, నీ కన్ను... ఫాదర్‌ని ఒక్క మాట చెప్పమననా? కాగితం అక్కర్లేదు, ఊరికే నోటితో..." అన్నాడు.

"వద్దు. చూడనీ."

పేరు పిలిచారు. లేచాను. ఎనభై మంది ముందు, ఒక కన్ను మూసుకుపోయి, మొహం సగం పని మానేసి, మధ్య దారిలో నడిచాను. గుసగుస వినిపించింది. నేను తల దించలేదు. మెడ కూడా బరువెక్కింది కాబట్టి తల ఎత్తి ఉంచడం ఊరికే జరిగే పని కాదు, దానికి లెక్క నాకే తెలుసు. నీళ్ళ తొట్టి దగ్గర తెరేసా బిడ్డను నా చేతుల్లో పెట్టింది. రెండున్నర నెలల బిడ్డ, గౌను, శాలువా, అన్నీ కలిసి ఏముంటుంది బరువు.

ఫాదర్ ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ఎప్పుడూ తొందరపడరు. ఈ బిడ్డకి ఏ పేరు పెడుతున్నారు అని అడిగారు. తెరేసా బెంచీలన్నిటికీ వినబడేలా చెప్పింది, నోనీ అని. ఎవరూ నవ్వలేదు. దగ్గలేదు కూడా.

సగంలో నా చేతుల్లో సత్తువ పోవడం మొదలైంది. ముందు మోచేతులు. బిడ్డ తల నా ముంజేతి మీద నుంచి ఒక వేలెడు జారింది. ఇంకెవరికీ తెలియదు, నాకు తెలిసింది. బిడ్డను తెరేసాకి తిరిగి ఇచ్చేయొచ్చు. ఇచ్చేస్తే ఎనభై మందీ అనుకునేది ఒక్కటే. పట్టుకునే ఉంటే, పడిపోతే, అది రాతిగచ్చు.

నా జీవితంలో ఎవరినీ చెయ్యి అడగలేదు. మా నాన్నను తీసిన కాలువ దగ్గర కూడా అడగలేదు.

"మైలీ," అన్నాను. మాట ముద్దగానే వచ్చింది. అందరికీ వినబడింది. "ఇలా రా. నా చేతుల కింద నీ చేతులు పెట్టు."

వాడు బెంచీ దాటుకుని వచ్చాడు, ఎవరి కాళ్ళో తొక్కి. నాకు ఎదురుగా నిలబడి, రెండు అరచేతులూ నా మోచేతుల కింద పెట్టాడు. ఇనుము ఎత్తే చేతులు. నా చేతుల బరువూ, పిల్ల బరువూ, అంతా తీసుకున్నాడు. పిల్ల మాత్రం నా చేతుల్లోనే ఉంది. వాడి కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"బరువుగా ఉందా అమ్మా?"

"పిల్ల కాదు. చెయ్యి తియ్యకు."

"తియ్యను."

ఫాదర్ కోయిన్ ఆగి మా ఇద్దరినీ చూశారు. తర్వాత నీళ్ళు తీసి, పేరు పలికి, మూడుసార్లు పోశారు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. చిన్న నోనీ నోరు తెరిచి అరిచింది. చర్చి కప్పు దాకా వెళ్ళింది ఆ అరుపు, ఫాదర్ మాటలు మునిగిపోయాయి, ఇళ్ళవాళ్ళు బయట మెట్ల మీద నుంచి తిరిగి చూశారు. అది ఆపలేదు. మొదట ఎంత గట్టిగా ఉందో చివర కూడా అంతే గట్టిగా

(ఇక్కడ నుంచి పెద్దమ్మ మాట అందలేదు. జో.)